ముఖ్యమంత్రి పదవి - దక్షిణ తెలంగాణ

ముఖ్యమంత్రి భారతదేశంలో రాష్ట్ర ప్రభుత్వానికి అధినేత. రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం గవర్నరుకు చెందుతుంది. అయితే ఆచరణలో ఆ అధికారాన్ని వినియోగించేది ముఖ్యమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి. శాసనసభ విశ్వాసం ఉన్నంతవరకే ముఖ్యమంత్రి ఆ పదవిలో కొనసాగగలడు. పార్లమెంటరీ విధానంలో ఈ పదవికి గల బలమూ, దాని పరిమితులూ ఈ ఒక్క నియమం నుండే పుడతాయి.

తెలంగాణ దక్షిణ భాగంలోని పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలకు ఈ పదవి చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఎన్నికైన శాసనసభకు బాధ్యత వహించిన తొలి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందినవాడు. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావును 1985లో నల్గొండ గెలిపించగా, 1989లో కల్వకుర్తి ఓడించింది. 2023 డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన ఎనుముల రేవంత్ రెడ్డి స్వగ్రామమైన కొండారెడ్డిపల్లి కూడా పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. నల్గొండ జిల్లాకు చెందిన వ్యక్తి ఎవరూ ఈ పదవిని చేపట్టలేదు. అయితే ముఖ్యమంత్రులను ఎదుర్కొన్న ప్రతిపక్ష నాయకులను ఆ జిల్లా ఎక్కువగానే ఇచ్చింది.

నియామకం

రాజ్యాంగంలోని 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తాడు. ఇతర మంత్రులను ముఖ్యమంత్రి సలహా మేరకు గవర్నరు నియమిస్తాడు. చదవడానికి ఇది గవర్నరుకు విశాలమైన అధికారంలా కనిపించినా, అదే అధికరణంలో మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని కూడా ఉంది. కాబట్టి సభలో మెజారిటీ గల పక్షం ఎన్నుకొన్న నాయకుడిని ఆహ్వానించడం తప్ప గవర్నరుకు సాధారణంగా మరో మార్గం లేదు. ఏ పక్షానికీ స్పష్టమైన మెజారిటీ రానప్పుడు మాత్రమే గవర్నరు విచక్షణకు చోటు దొరుకుతుంది.

ముఖ్యమంత్రి అయ్యే వ్యక్తి నియామకం నాటికి చట్టసభ సభ్యుడై ఉండనవసరం లేదు. కానీ 6 నెలలలోగా శాసనసభకు గాని, విధానమండలి ఉన్న రాష్ట్రాలలో విధానమండలికి గాని ఎన్నిక కావలెను. లేనిచో పదవి పోతుంది. 2021లో పశ్చిమ బెంగాల్‌లో మమతా బెనర్జీ నందిగ్రామ్‌లో ఓడిపోయి కూడా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఆ తరువాత భవానీపూర్ ఉపఎన్నికలో గెలిచి పదవిని నిలుపుకొన్నది ఈ నిబంధన వలననే. 6 నెలల గడువు తీరిన తరువాత, ఎన్నిక కాకుండానే, అదే సభా కాలంలో రాజీనామా చేసి మళ్ళీ నియామకం పొందడం చెల్లదని సుప్రీం కోర్టు 2001లో పంజాబుకు చెందిన ఒక మంత్రి కేసులో తీర్పు చెప్పింది.

ఎన్నిక లేని ముఖ్యమంత్రి

ముఖ్యమంత్రి అనే పేరు ఉన్నంత మాత్రాన పార్లమెంటరీ ప్రభుత్వం ఉన్నట్లు కాదు. హైదరాబాదు రాష్ట్ర చరిత్రే దీనికి ఉదాహరణ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత హైదరాబాదు మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి సైనిక పాలనలోకి వచ్చింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు ఐ.సి.ఎస్. అధికారి అయిన ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రిగా నియమితుడయ్యాడు. ఆయనను నియమించింది భారత ప్రభుత్వం. అప్పటికి ఎన్నికైన శాసనసభ లేదు గనుక ఆయన జవాబు చెప్పవలసినది కూడా ఢిల్లీకే.

ఆనాటి హైదరాబాదు రాజ్యాంగంలోని "బి" తరగతి రాష్ట్రం. గవర్నరు స్థానంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖ్‌గా ఉండేవాడు. ఆనాటి 371వ అధికరణం ప్రకారం ఇటువంటి రాష్ట్రాల ప్రభుత్వాలు పదేళ్ళపాటు రాష్ట్రపతి సాధారణ నియంత్రణకు లోబడి, ఆయన ఇచ్చే ఆదేశాలను పాటించవలసి ఉండేది. ఎన్నికల అనంతరం వచ్చిన ముఖ్యమంత్రికి సైతం ఈ నియంత్రణ తప్పలేదు. మద్రాసు, బొంబాయి ముఖ్యమంత్రులకు ఇటువంటి షరతు లేదు. ఒకే పదవి పేరు, ఒకే రాజ్యాంగం అయినా హైదరాబాదు ముఖ్యమంత్రి కొంత తక్కువ అధికారంతోనే మొదలయ్యాడు.

వెల్లోడి మంత్రివర్గంలో 1950లో కాంగ్రెసు ప్రతినిధులకు చోటు లభించింది. బూర్గుల రామకృష్ణారావు రెవెన్యూ, విద్యా శాఖలు నిర్వహించాడు. రక్షిత కౌలుదార్లకు హక్కులు కల్పించిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ఈ కాలంలోనే వచ్చింది. అప్పటికి నల్గొండ జిల్లాలో సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. 1951 ఏప్రిల్ 18న ఆ జిల్లాలోని పోచంపల్లిలో వినోబా భావేకు తొలి భూదానం లభించింది. పోరాట విరమణ అదే ఏడాది అక్టోబరులో జరిగింది. భూమి సమస్య మీద చట్టం, ఉద్యమం, దానం అనే మూడూ ఒకే కాలంలో ఒకే ప్రాంతంలో నడిచాయి. ఆ సమస్యనే 1952లో కొత్త ముఖ్యమంత్రి వారసత్వంగా స్వీకరించాడు.

బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం (1952-56)

బూర్గుల రామకృష్ణారావు 1899 మార్చి 13న కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామంలో జన్మించాడు. ఇంటిపేరు పుల్లంరాజు అయినప్పటికీ షాద్‌నగర్ సమీపంలోని స్వగ్రామం బూర్గుల పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ రెండు గ్రామాలూ రంగారెడ్డి జిల్లాలో చేరాయి. పుణె ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రుడై, బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదులో న్యాయవాద వృత్తి చేపట్టాడు. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఆయన వద్ద జూనియరుగా పనిచేశాడు. 1931లో నల్గొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండవ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు బూర్గుల అధ్యక్షత వహించాడు. సంస్కృతం, పారశీకం, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో ఆయనకు ప్రవేశం ఉండేది. మూడు భాషల ప్రజలు గల రాష్ట్రంలో ఇది అలంకారం మాత్రమే కాదు, ముఖ్యమంత్రికి అవసరమైన అర్హత కూడా.

1952 తొలి సాధారణ ఎన్నికలలో 175 స్థానాల హైదరాబాదు శాసనసభలో కాంగ్రెసు 93 స్థానాలు గెలుచుకొంది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున దాని అభ్యర్థులు ప్రజాస్వామిక ఫ్రంటు (పి.డి.ఎఫ్.) పేరుతో పోటీ చేసి 42 స్థానాలు సంపాదించారు. సోషలిస్టులకు 11 స్థానాలు దక్కాయి. షాద్‌నగర్ నుండి గెలిచిన బూర్గుల 1952 మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యాడు. మెజారిటీకి కావలసిన 88 కంటే కాంగ్రెసుకు ఐదే స్థానాలు ఎక్కువ. పైగా తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల ప్రతినిధులు, రాష్ట్ర కాంగ్రెసులోని వర్గాలు, అన్నిటినీ కలుపుకొంటేనే ఆ 93. స్వామి రామానంద తీర్థ వర్గానికీ, బూర్గుల వర్గానికీ మధ్య పోటీ ఎన్నికలకు ముందునుండీ ఉన్నదే.

ఆ ఎన్నికలలో నల్గొండ జిల్లా పూర్తిగా వేరే తీర్పు ఇచ్చింది. అక్కడి స్థానాలలో అత్యధికం పి.డి.ఎఫ్.కు వెళ్ళాయి. నల్గొండ లోక్‌సభ స్థానం నుండి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధికంగా, జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పొంది గెలిచాడు. ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు ఎన్నికైంది. ప్రతిపక్ష నాయకుడిగా వి.డి.దేశ్‌పాండే వ్యవహరించాడు. కొద్ది నెలల క్రితం వరకూ అజ్ఞాతంలోనో, జైలులోనో ఉన్నవారు సభలో లేచి ముఖ్యమంత్రిని ప్రశ్నలు అడగడం, ముఖ్యమంత్రి సమాధానం ఇవ్వవలసి రావడం ఆ సభలోనే మొదలయింది. వెల్లోడి కాలానికీ, బూర్గుల కాలానికీ గల అసలు తేడా ఇదే. ఇద్దరి పైనా అదే రాజప్రముఖ్, అదే కేంద్ర నియంత్రణ. మధ్యలో సభ ఒకటి వచ్చి చేరింది.

ఈ బాధ్యత ఎంత బరువైనదో ఆరు నెలలలోనే తెలిసివచ్చింది. స్థానికేతరులను ఉద్యోగాలలో నియమించడానికి వ్యతిరేకంగా 1952లో వరంగల్లులో మొదలైన ముల్కీ ఆందోళన హైదరాబాదుకు వ్యాపించింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కళాశాల పరిసరాలలో జరిగిన పోలీసు కాల్పులలో కొందరు మరణించారు. ఆ నియామకాలలో చాలావరకు పోలీసు చర్య తరువాతి పాలనలో, అంటే ఎన్నికైన ప్రభుత్వం రాకముందు జరిగినవే. అయినా శాసనసభ ముందు జవాబు చెప్పవలసినది అప్పటి ముఖ్యమంత్రే. ప్రభుత్వం న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి చేత విచారణ జరిపించింది. ప్రభుత్వం మారినా బాధ్యత తెగిపోదనే పార్లమెంటరీ నియమానికి ఈ ప్రాంతంలో ఇది తొలి అనుభవం.

బూర్గుల ప్రభుత్వం 1954లో కౌలుదారీ చట్టాన్ని సవరించి, నిర్ణీత పరిమితులలో రక్షిత కౌలుదారుకు భూమి యాజమాన్యం సంక్రమించే ఏర్పాటు చేసింది. 1955 డిసెంబరు 10న నల్గొండ జిల్లా నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అది హైదరాబాదు, ఆంధ్ర రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. అప్పటికి ఆంధ్ర ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి. శంకుస్థాపన నాటికే హైదరాబాదు రాష్ట్రం రద్దు ఖాయమయ్యే దిశగా పరిణామాలు సాగుతున్నాయి.

రాష్ట్రం రద్దు - ముఖ్యమంత్రి పాత్ర

ఫజల్ అలీ అధ్యక్షతన గల రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. తెలంగాణను అప్పటికి వేరు రాష్ట్రంగా ఉంచి, 1961 ప్రాంతంలో జరగవలసిన ఎన్నికల తరువాత శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. తెలంగాణలో అధిక సంఖ్యాకులు విలీనానికి సుముఖంగా లేరని బూర్గుల మొదట కాంగ్రెసు అధిష్ఠానానికి తెలియజేశాడు. తరువాత అధిష్ఠానం నిర్ణయాన్ని అనుసరించి విశాలాంధ్రను సమర్థించాడు. 1955 డిసెంబరులో హైదరాబాదు శాసనసభలో జరిగిన చర్చలో విశాలాంధ్రకు అనుకూలంగా 103 మంది, ప్రతికూలంగా 29 మంది అభిప్రాయం తెలిపారు.

బూర్గుల ఈ విషయంలో మెత్తబడ్డాడని తరువాతి కాలంలో విమర్శ వచ్చింది. ఆయన త్యాగం చేశాడని ప్రశంస కూడా వచ్చింది. ఈ రెండు మాటలూ ముఖ్యమంత్రి చేతిలో లేని అధికారాన్ని ఆయనకు ఆపాదిస్తాయి. 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల ఏర్పాటు, సరిహద్దుల మార్పు పార్లమెంటు పని. 2014లో ఇది మరొకసారి రుజువైంది. ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి ప్రవేశపెట్టిన తీర్మానాన్ని 2014 జనవరి 30న శాసనసభ ఆమోదించింది. అయినా లోక్‌సభ బిల్లును ఆమోదించగా, ఫిబ్రవరి 19న కిరణ్ కుమార్ రెడ్డి రాజీనామా చేశాడు. హైదరాబాదు రాజధానిగా ఉన్న రాష్ట్రం రెండుసార్లు రూపు మారింది. ఒకసారి ముఖ్యమంత్రి అంగీకరించాడు, ఒకసారి ప్రతిఘటించాడు. రెండుసార్లూ నిర్ణయం జరిగింది ఢిల్లీలోనే. అంగీకారానికి ప్రతిఫలంగా షరతులు అడగగలగడం మాత్రమే ముఖ్యమంత్రికి మిగిలే అవకాశం. బూర్గుల దానిని ఉపయోగించుకొన్నాడు.

ఆ షరతుల పత్రమే పెద్దమనుషుల ఒప్పందం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన ఈ ఒప్పందంపై తెలంగాణ పక్షాన బూర్గుల, కె.వి.రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు సంతకం చేశారు. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకం చేశారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతంవాడు కావలెనన్నది అందులోని ఒక షరతు. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడి, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక తన మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిని నియమించలేదు. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో కె.వి.రంగారెడ్డికి ఆ హోదా లభించింది.

ఈ ఉల్లంఘనను రాజకీయంగా ఎలా చూసినా, చట్టపరంగా ప్రశ్నించడానికి వీలు లేకపోయింది. రాజ్యాంగంలో ఉపముఖ్యమంత్రి అనే పదవి లేదు. మంత్రులు ఎవరు, ఎందరు, ఏ శాఖకు అనేది ముఖ్యమంత్రి ఇష్టం. నాయకుల మధ్య కుదిరిన ఒప్పందం ఆ ఇష్టాన్ని కట్టడి చేయజాలదు. తన పదవిని వదులుకొంటూ బూర్గుల సంపాదించిన హామీ, అదే పదవిలోని విచక్షణాధికారం వలన నీరుగారిపోయింది.

గవర్నరుగా బూర్గుల - కేరళ ఉదంతం

ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత బూర్గుల 1956 నవంబరులో కేరళ గవర్నరుగా నియమితుడయ్యాడు. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది ఆయనే. నల్గొండ జిల్లా కమ్యూనిస్టులను ప్రతిపక్షంలో ఎదుర్కొన్న వ్యక్తి, కేరళలో కమ్యూనిస్టు ప్రభుత్వానికి రాజ్యాంగాధినేత కావడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి. విద్యా బిల్లు, భూసంస్కరణలపై రేగిన విమోచన సమరం తీవ్రమైన తరువాత, గవర్నరు నివేదికను అందుకొన్న కేంద్రం 1959 జూలై 31న 356వ అధికరణం కింద ఆ ప్రభుత్వాన్ని తొలగించింది. నంబూద్రిపాద్‌కు అప్పటికీ సభలో మెజారిటీ ఉంది.

సభ విశ్వాసం ఉన్న ముఖ్యమంత్రిని సభ వెలుపలి కారణాలతో తొలగించవచ్చునా అనే ప్రశ్నకు అప్పుడు న్యాయస్థానాలలో సమాధానం దొరకలేదు. 1994లో ఎస్.ఆర్.బొమ్మై కేసులో సుప్రీం కోర్టు మెజారిటీని తేల్చవలసిన స్థలం శాసనసభేనని, రాష్ట్రపతి పాలన విధింపు న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని తీర్పునిచ్చింది. బూర్గుల తరువాత ఉత్తర ప్రదేశ్ గవర్నరుగానూ, రాజ్యసభ సభ్యుడిగానూ పనిచేసి 1967 సెప్టెంబరులో మరణించాడు.

రామారావు - నల్గొండ, కల్వకుర్తి

ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ ప్రశ్న 1984లో తలెత్తింది. తెలుగుదేశం పార్టీ స్థాపకుడు నందమూరి తారక రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయనను తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించాడు. భాస్కరరావు నెల రోజులలో సభలో మెజారిటీ చూపలేకపోయాడు. సెప్టెంబరు 16న కొత్త గవర్నరు శంకర్ దయాళ్ శర్మ రామారావును తిరిగి నియమించాడు. ఆ నెల రోజులు శాసనసభ్యులను శిబిరాలలో ఉంచవలసి వచ్చింది. ముఖ్యమంత్రి పదవికి పునాది ఎక్కడుందో దీనికంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

రామారావు సభను రద్దు చేయించి 1985 మార్చిలో మధ్యంతర ఎన్నికలకు వెళ్ళాడు. కోస్తాలో గుడివాడ, రాయలసీమలో హిందూపురం, తెలంగాణలో నల్గొండ, ఈ మూడింటి నుండి పోటీ చేసి మూడింటా గెలిచాడు. 294 స్థానాలలో తెలుగుదేశం 202 గెలిచింది. ముఖ్యమంత్రి ఏ ఒక్క ప్రాంతానికో చెందినవాడు కాదని చూపడం ఆ పోటీలోని ఉద్దేశం. అయితే ఒక సభ్యునికి ఒక స్థానమే ఉండాలి గనుక ఆయన హిందూపురం ఉంచుకొని మిగతా రెండింటికీ రాజీనామా చేశాడు. నల్గొండ ఓటర్లు ముఖ్యమంత్రిని ఎన్నుకొని కూడా మళ్ళీ ఉపఎన్నికకు వెళ్ళవలసి వచ్చింది. 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి ఒకరు రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదని నిర్ణయించారు.

ముఖ్యమంత్రికి తన మంత్రివర్గంపై గల ఆధిక్యం ఎంతటిదో 1989 ఫిబ్రవరిలో తెలిసింది. రామారావు తన మంత్రులందరినీ ఒకేసారి తప్పించి కొత్త మంత్రివర్గం ఏర్పాటు చేశాడు. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే మంత్రిమండలి మొత్తం పోతుంది. మంత్రులందరూ పోయినా ముఖ్యమంత్రి పదవి నిలుస్తుంది. "సమానులలో ప్రథముడు" అనే పాత మాట ఇటువంటి చోట అతకదు.

ఆ ఏడాది నవంబరు ఎన్నికలలో రామారావు హిందూపురంతో పాటు మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి నుండి పోటీ చేశాడు. 1969 నుండి 1984 వరకు ఎస్.జైపాల్ రెడ్డి ప్రాతినిధ్యం వహించిన నియోజకవర్గమిది. బూర్గుల జన్మస్థలం పడకల్లు ఈ తాలూకాలోనిదే. కాంగ్రెసు అభ్యర్థి జె.చిత్తరంజన్ దాస్ చేతిలో పదవిలో ఉన్న ముఖ్యమంత్రి సుమారు మూడున్నర వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. రాష్ట్రమంతటా తెలుగుదేశం 74 స్థానాలకు పడిపోయి, 181 స్థానాలతో కాంగ్రెసు అధికారంలోకి వచ్చింది. హిందూపురంలో గెలిచిన రామారావు ప్రతిపక్ష నాయకుడయ్యాడు. 1994లో ఆయన హిందూపురం, టెక్కలి స్థానాలను ఎంచుకొన్నాడు గాని తెలంగాణలో పోటీ చేయలేదు.

2023లో ఇటువంటిదే మరొకటి జరిగింది. ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు గజ్వేల్‌లో గెలిచి, కామారెడ్డిలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. అదే కామారెడ్డిలో పోటీ చేసిన రేవంత్ రెడ్డి కూడా ఓడిపోయి కొడంగల్‌లో గెలిచాడు. పదవిలో ఉన్న ముఖ్యమంత్రిని, కాబోయే ముఖ్యమంత్రిని ఒకే నియోజకవర్గం ఒకేసారి ఓడించిన అరుదైన సందర్భమిది.

విధులు

ముఖ్యమంత్రి మంత్రిమండలి సమావేశాలకు అధ్యక్షత వహిస్తాడు, శాఖలు కేటాయిస్తాడు, శాఖల మధ్య తగవులు తీరుస్తాడు. 167వ అధికరణం ప్రకారం మంత్రిమండలి నిర్ణయాలను గవర్నరుకు తెలియజేయడం, కోరిన సమాచారం ఇవ్వడం ఆయన విధి. శాసనసభ రద్దుకు సలహా ఇచ్చేది మంత్రిమండలి అయినా నిర్ణయం ముఖ్యమంత్రిదే. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ గడువుకు ముందే రద్దయినది ఈ విధంగానే. ప్రభుత్వ ఉత్తర్వులు (జి.ఓ.లు) గవర్నరు పేరిట వెలువడతాయి. ముఖ్యమంత్రి సంతకం వాటిపై కనిపించదు, అసలు నిర్ణయం దస్త్రంలో ఉంటుంది.

2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యను శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతానికి పరిమితం చేసింది. 119 మంది సభ్యులు గల తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది. అసంతృప్తులకు మంత్రి పదవులు పంచి మెజారిటీ కాపాడుకొనే పాత పద్ధతికి ఈ విధంగా కొంత అడ్డుకట్ట పడింది. కార్పొరేషన్ అధ్యక్ష పదవులు మాత్రం ఆ లెక్కలోకి రావు.

ముఖ్యమంత్రి శాసనసభ్యుడు కూడా

రేవంత్ రెడ్డి వంగూరు మండలం కొండారెడ్డిపల్లికి చెందినవాడు. 2006లో మిడ్జిల్ నుండి జడ్‌పీటీసీ సభ్యుడిగా, 2007లో స్థానిక సంస్థల నుండి విధానమండలి సభ్యుడిగా, 2009, 2014లలో కొడంగల్ శాసనసభ్యుడిగా ఎన్నికయ్యాడు. 2018లో అక్కడే ఓడిపోయి, 2019లో మల్కాజ్‌గిరి నుండి లోక్‌సభకు, 2023లో తిరిగి కొడంగల్ నుండి శాసనసభకు గెలిచి డిసెంబరు 7న ముఖ్యమంత్రి అయ్యాడు. 1956లో బూర్గుల పదవి వదిలిన 67 ఏళ్ళకు పాలమూరు వ్యక్తికి ఈ పదవి దక్కింది.

ముఖ్యమంత్రి నియోజకవర్గానికి నిధులు, కార్యాలయాలు, రోడ్లు త్వరగా వస్తాయని ప్రజలు సహజంగా ఆశిస్తారు. నారాయణపేట - కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అయితే సొంత ఓటర్లతో రాష్ట్ర ప్రభుత్వం తలపడే పరిస్థితి కూడా అక్కడే ఏర్పడవచ్చు. ఔషధ పరిశ్రమలకు భూసేకరణ విషయమై 2024 నవంబరు 11న కొడంగల్ నియోజకవర్గంలోని లగచర్లలో అధికారులపై దాడి, తదనంతరం అరెస్టులు జరిగాయి. అదే నెలలో ప్రభుత్వం ఆ భూసేకరణ ప్రకటనను ఉపసంహరించుకొంది.

నీటి వివాదాలలో ముఖ్యమంత్రి

ఈ రెండు జిల్లాల ప్రజలు ఏ ముఖ్యమంత్రిని చూసినా మొదట అడిగేది కృష్ణా జలాల సంగతే. నది రెండు జిల్లాలనూ ఆనుకొని ప్రవహిస్తున్నా మెట్ట పొలాలు నదికంటే ఎత్తున ఉన్నాయి. అందువలన పాలమూరు వలసలకూ, నల్గొండ ఫ్లోరైడు సమస్యకూ పేరుపొందింది. నీటిపారుదల రాష్ట్ర జాబితాలోని విషయమే అయినా, అంతర్రాష్ట్ర నదులపై అధికారం పార్లమెంటుకు, ట్రిబ్యునళ్ళకు ఉంది. ఇటువంటి చోట ముఖ్యమంత్రి నిర్ణేత కాడు, రాష్ట్రం తరపు వకీలు మాత్రమే.

2014 పునర్వ్యవస్థీకరణ చట్టం కేంద్ర జలవనరుల మంత్రి అధ్యక్షతన ఇద్దరు ముఖ్యమంత్రులు సభ్యులుగా అత్యున్నత మండలిని ఏర్పాటు చేసింది. 2015 జూన్ 11న చంద్రశేఖరరావు కరివెన వద్ద పాలమూరు - రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేశాడు. ఈ పథకంపైనా, నల్గొండకు ఉద్దేశించిన డిండి ఎత్తిపోతలపైనా ఆంధ్ర ప్రదేశ్ అభ్యంతరం తెలిపింది. 2016 సెప్టెంబరు 21న జరిగిన మండలి తొలి సమావేశంలో చంద్రశేఖరరావు, నారా చంద్రబాబునాయుడు పాల్గొన్నారు. 2020 అక్టోబరు 6న జరిగిన రెండవ సమావేశంలో వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి ఆంధ్ర ప్రదేశ్ తరపున హాజరయ్యాడు. కొత్తగా నీటి కేటాయింపు కోరుతూ సుప్రీం కోర్టులో వేసిన కేసును తెలంగాణ ఉపసంహరించుకొనేందుకు ఆ సమావేశంలో చంద్రశేఖరరావు అంగీకరించాడు. 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా జలాల పంపిణీని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు నివేదించాలని నిర్ణయించింది.